డార్క్‌ఫీల్డ్‌లో బంగారు కణాలు చివరికి కనిపించాయి (నా అనుభవం)

డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపులో దీపం వెలుగు నేరుగా లెన్స్‌లోకి రాదు; వస్తువు చెదరగొట్టిన కాంతి మాత్రమే నల్లని నేపథ్యం మీద కనిపిస్తుంది. అందులో 60 నానోమీటర్ల బంగారు కణాలు ఆకుపచ్చ చుక్కల్లా మెరవాలి. మా వైజాగ్ ల్యాబ్‌లో మాత్రం నెల రోజులుగా లంబసింగి పొగమంచే. బల్బు మార్చాం, కెమెరా గెయిన్ పెంచాం, కణాలు కొత్తవి తెప్పించాం; ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు స్లైడును రెండు వైపులా ఇథనాల్‌తో తుడిచి ఆరబెట్టాను. మన సముద్రగాలికి గాజు మీద పట్టే మురికి కూడా అచ్చం కణంలాగే మెరుస్తుంది మరి. తర్వాత కండెన్సర్ (దీపం వెలుగును కింద నుంచి స్లైడు మీదకు పంపే లెన్స్) మీద ఒక్క చుక్క ఇమ్మర్షన్ నూనె వేసి, స్లైడు అడుగును తాకేదాకా మెల్లగా పైకి లేపాను. బుడగ కనిపిస్తే తుడిచి మళ్లీ మొదటికే. నాకు మూడుసార్లు పట్టింది. 10ఎక్స్‌తో వెలుగు మచ్చను మధ్యకు తెచ్చి, 100ఎక్స్ ఆయిల్ లెన్స్ తిప్పాను. అసలు దొంగ అక్కడే దొరికాడు: లెన్స్ ఎన్.ఏ. (ఎంత వెడల్పు కోణంలో వచ్చే కాంతిని పట్టగలదో చెప్పే అంకె) 1.25, కండెన్సర్ పంపే వెలుగుది 1.2 దగ్గర మొదలు. అంటే దీపం వెలుగు నేరుగా లెన్స్‌లోకి దూరిపోతోంది. లెన్స్ మీదున్న ఐరిస్ రింగును (లోపలి రంధ్రాన్ని చిన్నది చేసి ఎన్.ఏ. తగ్గించేది) కొద్దికొద్దిగా మూస్తుంటే వెనక నలుపు దిగింది, చుక్కలు తేలాయి.

కణం 60 నానోమీటర్లదే అయినా, కాంతి తరంగం కాబట్టి చుక్క పరుచుకుని దాని వెడల్పు ఇప్పటికీ సుమారు 250 నానోమీటర్లుగానే కనిపిస్తుంది. కాకపోతే దాని కేంద్రాన్ని లెక్కగట్టి, అంతకంటే చాలా సన్నగా స్థానం పట్టుకోవచ్చు.

ఐరిస్ లేని లెన్స్ అయితే ఈ చిట్కా కుదరదు. 20 నానోమీటర్ల కణాలకైతే నేను హామీ ఇవ్వలేను. సైజు సగమైతే చెదిరే కాంతి 64వ వంతుకు పడిపోతుంది.