ఇలొంగొట్ తరహా పేము బుట్ట అల్లడం ఎలా?

ఫిలిప్పీన్స్‌లో, లుజాన్ దీవిలోని సియెర్రా మాద్రే, కారబాల్లో కొండల్లో ఉండే ఇలొంగొట్లు తమను బుగ్కలోట్ అని చెప్పుకుంటారు. వాళ్ల అడవుల్లో పేముకు కొదవ లేదు. అడుగు చదరంగా, మూతి గుండ్రంగా ఉండే బుట్ట ఉత్తర లుజాన్ కొండల్లో మామూలే, మనం అల్లేది అదే.

సామాన్లు: కత్తి, బకెట్, బట్టల క్లిప్పులు. సెంటీమీటరు వెడల్పు, 75 సెంటీమీటర్ల పొడవున్న పేము బద్దలు 20, అల్లడానికి సన్న బద్దలు. గోరువెచ్చని నీళ్లలో అరగంట చాలు. రాత్రంతా నానబెడితే బద్ద ఉబ్బుతుంది, ఆరాక సన్నబడి బుట్టంతా వదులైపోతుంది. మెరిసే వైపు కిందికి పెట్టి, అడ్డంగా 10, నిలువుగా 10, ఒకటి పైన ఒకటి కింద వేసి అడుగు అల్లేయండి.

ఇక అసలు తంటా అంచులు పైకి లేపడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. బద్దను కాగితంలా మడవకండి, పైపొర చిట్లుతుంది. తడి చేత్తో రుద్దుతూ బొటనవేలి మీదుగా మెల్లగా వంచి, నాలుగు మూలలకూ క్లిప్పులు పెట్టండి. ఇప్పుడు లెక్క చూడండి: 20 బద్దలకూ రెండేసి చివరలు పైకి లేస్తాయి, అంటే నిలువు బద్దలు 40, సరి సంఖ్య. ఒకే బద్దతో చుట్టూ అల్లుకుంటూ పోతే రెండో చుట్టులోనూ అదే బద్ద పైనుంచి పోతుంది, అల్లిక పడదు. అందుకే మూల పక్కనున్న బద్దను అడుగు దాకా నిలువునా చీల్చి 41 చేయాలి. చుట్టుకో కొత్త బద్ద వేసి చివరలు దోపేవాళ్లూ ఉన్నారు, నాకైతే ఆ అతుకులు చూస్తేనే చిరాకు.

మొదటి మూడు చుట్లు మూలల దగ్గర అస్సలు బిగించకండి. బిగిస్తే అడుగు మధ్యలో ఉబ్బి, బుట్ట నేల మీద కుదురుగా నిలబడదు, ఆ తర్వాత ఎంత నొక్కినా లాభం లేదు, విప్పాల్సిందే. నాలుగో చుట్టు నుంచి మూల బద్దలను కొంచెం ఎడంగా జరుపుతూ పోతే మూతి గుండ్రంగా తిరుగుతుంది. చేతికి గరగరమంటే బద్ద ఆరినట్టే, ఆగి నీళ్లు చల్లండి.

పైన మిగిలిన చివరలు లోపలికి మడిచి దోపండి. లోపలొకటి, బయటొకటి మందపాటి పేము చుట్టు పెట్టి సన్న బద్దతో కట్టేయండి. నీడలోనే ఆరాలి. వార్నిష్ వద్దు బాబూ! ఆ కొండల్లో పాత బుట్టలకు నల్లటి నిగనిగ వచ్చింది పొయ్యి పొగ వల్లే, పురుగు పట్టకుండా కాపాడేదీ అదే. ఇంట్లో కట్టెల పొయ్యి లేకపోతే ఉత్తి బుట్టలాగే వాడుకోండి.