సెప్టెంబర్‌లో ఏడు ఎక్కడుంది?

మా అమ్మాయి చేత ఇంగ్లీష్ పదాలు బట్టీ పట్టించడం మానేశాను. ముందు లాటిన్ అంకెలు చెప్పాను: యూని ఒకటి, బై రెండు, ట్రై మూడు, సెప్ట్ ఏడు, ఆక్ట్ ఎనిమిది, సెంట్ వంద. ఆ తర్వాత పదాన్ని విరిచి చూడటమే. బైసికిల్‌కి రెండు చక్రాలు, సెంచరీకి వంద.

సెప్టెంబర్ దగ్గర పట్టేసింది: "తొమ్మిదో నెల కదా నాన్నా?" పాత రోమన్ క్యాలెండర్ మార్చితో మొదలయ్యేది. వేళ్ల మీద అక్కడి నుంచి లెక్కపెట్టించాను, సరిగ్గా ఏడు! అక్టోబర్, నవంబర్, డిసెంబర్ తనే చెప్పేసింది.

బిస్కెట్ కూడా ఈ బాపతే, రెండుసార్లు కాల్చినదని. బైవీక్లీ మాత్రం వాడకండి. వారానికి రెండుసార్లా, రెండు వారాలకోసారా అన్నది తేలదు. సెంటిపీడ్ (జెర్రి) అంటే వంద కాళ్లది అని అర్థం, ఆ పేరునూ నమ్మొద్దు. పెద్దయిన జెర్రికి కాళ్ల జతలు బేసి సంఖ్యలోనే ఉంటాయి, యాభై జతలు కుదరవు.