పెర్ఫార్మెన్స్ ఎయిర్ ఫిల్టర్ వేశాక బండి తేడా చేస్తుందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కొత్త ఎయిర్ ఫిల్టర్ వేసినప్పటి నుంచి బండి జర్కులు ఇస్తోందా, సైలెన్సర్‌లో టప్ టప్ అంటోందా? కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపే భాగం) జోలికో ఈసీయూ (ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ లెక్క చూసే కంప్యూటర్) జోలికో వెళ్లకముందే పాత ఫిల్టర్ మళ్లీ పెట్టి నడిపి చూడండి. పాతదాన్ని పారేయొద్దు అనేది ఇందుకే. పాతది పెట్టగానే బండి మామూలైపోతే, కొత్త ఫిల్టర్ సరిగా కూర్చోకపోయినా ఉండాలి, దాని గాలికి తగ్గ పెట్రోల్ అందకపోయినా ఉండాలి. పాతది పెట్టినా అదే గొడవైతే, ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ కూర్చునే డబ్బా) విప్పి బిగించేటప్పుడు ఏదో పైపు ఊడి ఉండొచ్చు లేదా కనెక్టర్ వదులై ఉండొచ్చు. సగం టెన్షన్ ఈ ఒక్క పరీక్షతోనే తీరిపోతుంది.

రెండో పని, సమస్య ఎంత థ్రాటిల్ దగ్గర వస్తోందో పట్టుకోవడం. యాక్సిలరేటర్ గ్రిప్ మీద, దాని పక్కనున్న స్విచ్ హౌసింగ్ మీద చెరో తెల్ల టేప్ ముక్క అంటించండి. థ్రాటిల్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు రెండు టేపుల మీదా ఎదురెదురుగా గీత పెట్టండి. గ్రిప్ పూర్తిగా తిప్పి, హౌసింగ్ గీతకు ఎదురుగా వచ్చిన చోట గ్రిప్ టేప్ మీద ఇంకో గీత పెట్టండి. ఆ మధ్య దూరాన్ని నాలుగు భాగాలు చేయండి. ఖాళీ రోడ్డు మీద నడిపితే ఏ గీత దగ్గర బండి తడబడుతోందో తెలిసిపోతుంది. కార్బొరేటర్‌లో ఏ భాగం ఎప్పుడు పెట్రోల్ ఇవ్వాలో నిర్ణయించేది ప్రధానంగా ఈ తెరుచుకోవడమే. కాబట్టి ఆర్‌పీఎం కన్నా ఈ గీతే ఎక్కువ చెబుతుంది.

పెట్రోల్ పూర్తిగా కాలాలంటే బరువులో 1 వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి కావాలి. గరిష్ఠ పవర్ మాత్రం 12.5 నుంచి 13 వంతుల గాలి దగ్గర వస్తుంది. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే లీన్, పెట్రోల్ ఎక్కువైతే రిచ్. గాలి సులువుగా వచ్చే ఫిల్టర్ వేసి పెట్రోల్ పెంచకపోతే బండి లీన్ వైపు జరుగుతుంది. కింద చెప్పే చాలా లక్షణాలకు మూలం ఇదే.

థ్రాటిల్ తిప్పితే పికప్ రాకుండా ఒక్క క్షణం ఆగుతోంది (కార్బొరేటర్ బండి)

ముందు లీనో రిచ్చో తేల్చుకోండి. సమస్య వస్తున్న చోట చోక్ కొంచెం లాగి చూడండి. బండి మెరుగైతే లీన్, ఇంకా మూలిగితే రిచ్. ఇంజన్ వేడెక్కేకొద్దీ బాగుపడితే లీన్ అని, వేడెక్కేకొద్దీ పాడైతే రిచ్ అని కూడా అనుమానించవచ్చు. ప్లగ్ విప్పి చూడండి: పింగాణీ సుద్దలా తెల్లగా ఉంటే లీన్, లేత గోధుమ రంగైతే సరిగా ఉన్నట్టు, పొడి నల్ల మసి పట్టి ఉంటే రిచ్.

లీన్ అని తేలితే టేప్ మీది గీత చూడండి. మూసి ఉన్న దగ్గర్నుంచి పావు వంతు దాకా వస్తే పైలట్ జెట్ (జెట్ అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రమున్న ముక్క), దాని స్క్రూ చూడాలి. పావు నుంచి ముప్పావు దాకా అయితే నీడిల్ (థ్రాటిల్ తెరిచేకొద్దీ పైకి లేచే సూది). ముప్పావు దాటి పూర్తిగా తెరిచినప్పుడైతే మెయిన్ జెట్. ఈ హద్దులు ఒకదాని మీద ఒకటి కొంచెం పడతాయి. అయినా వెతకడానికి ఇవి చాలు.

పైలట్ స్క్రూ దగ్గర చాలామంది తికమక పడతారు. స్క్రూ ఇంజన్ వైపు ఉంటే సాధారణంగా అది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్ అవుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే ఎయిర్ స్క్రూ, బయటికి తిప్పితే లీన్ అవుతుంది. ముట్టుకునే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. ఆగిన చోట బలంగా బిగిస్తే కొన పాడవుతుంది.

నీడిల్‌కి గాళ్లు ఉంటే క్లిప్పుని ఒక గాడి కిందికి మార్చండి. నీడిల్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. గాళ్లు లేని నీడిల్ అయితే తల కింద పలుచటి వాషర్ పెట్టినా అదే పని జరుగుతుంది. మెయిన్ జెట్ ఒక్కసారికి ఒక్క సైజే పెంచండి. జెట్, నీడిల్ రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో చచ్చినా తెలియదు. ఫుల్ థ్రాటిల్‌లో లీన్‌గా ఉన్న బండిని మాత్రం అలాగే తోలొద్దు. దహనం వేడెక్కి, ఇంజన్ కొట్టుకోవడం (నాకింగ్) మొదలై, చివరికి పిస్టన్ దెబ్బతింటుంది.

సీవీ కార్బొరేటర్ ఉన్న బండ్లకు ఇంకో చిక్కు. అందులో స్లైడ్‌ను (నీడిల్‌ని మోస్తూ పైకీ కిందికీ కదిలే ముక్క) లేపేది కేబుల్ కాదు, ఫిల్టర్ వైపు ఒత్తిడికీ వెంచురీలోని (కార్బొరేటర్ లోపలి ఇరుకు గాలి దారి) ఒత్తిడికీ ఉన్న తేడా. ఎయిర్‌బాక్స్ తీసేసి పాడ్ ఫిల్టర్ (కార్బొరేటర్ మూతికే నేరుగా బిగించే ఫిల్టర్) తగిలిస్తే ఆ తేడా గాలివాటానికి మారుతూ ఉంటుంది. కొన్ని పాడ్ల రబ్బరు అంచు కార్బొరేటర్ మూతి దగ్గరున్న చిన్న గాలి రంధ్రాన్ని మూసేస్తుంది కూడా. అప్పుడు జెట్లు ఎన్ని మార్చినా మధ్యలో నీరసం పోదు. రంధ్రం మూసుకోలేదని చూసుకున్నాక కూడా అలాగే ఉంటే ఎయిర్‌బాక్స్‌కి తిరిగి వెళ్లడమే నయం. ఎయిర్‌బాక్స్ ఉత్త డబ్బా కాదు. దాని ఘనపరిమాణం, గొట్టం పొడవు కొన్ని ఆర్‌పీఎంల దగ్గర గాలి బాగా నిండేలా లెక్కవేసి పెట్టినవి. దాన్ని తీసేస్తే శబ్దం పెరిగి బండి జోరుగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, మధ్య ఆర్‌పీఎంలో లాగే శక్తి తరచూ తగ్గుతుంది.

ఇంజెక్షన్ బండిలో జర్కులు, ఇంజన్ లైట్

నెమ్మదిగా ఒకే వేగంతో వెళ్లేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన దాన్ని బట్టి ఈసీయూ పెట్రోల్ సరిచేసుకుంటుంది. కానీ ఆ సవరణకు హద్దు ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో చాలా బండ్లు ఆ సెన్సర్ మాట వినకుండా ముందే రాసి ఉన్న మ్యాప్ (పెట్రోల్ లెక్కల పట్టిక) ప్రకారం పోతాయి. అసలు ఎయిర్‌బాక్స్‌లోనే పట్టే రీప్లేస్‌మెంట్ ఫిల్టర్ వేస్తే ఈ సవరణ సాధారణంగా సరిపోతుంది. పాడ్ వేస్తేనో, ఎయిర్‌బాక్స్ మూతకు రంధ్రాలు చేస్తేనో, దానికి తగ్గట్టు మ్యాప్ రాయించాల్సిందే.

మ్యాప్ గురించి ఆలోచించే ముందు ఒక చిన్న సంగతి చూడండి. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ చాలా బండ్లలో ఎయిర్‌బాక్స్‌కే బిగించి ఉంటుంది. కనెక్టర్ పెట్టడం మర్చిపోతే ఇంజన్ లైట్ వెలుగుతుంది. ఎయిర్‌బాక్స్ తీసేసి సెన్సర్‌ని ఇంజన్ పక్కన వేలాడదీస్తే అంతకన్నా మోసం, ఎందుకంటే లైట్ కూడా రాదు. సెన్సర్ ఇంజన్ వేడిని చూసి గాలే వేడిగా ఉందని చెబుతుంది. వేడి గాలి పలుచన కాబట్టి ఈసీయూ పెట్రోల్ తగ్గిస్తుంది, బండి ఇంకా లీన్ అవుతుంది. సెన్సర్‌ని ఫిల్టర్ లోపలికి వెళ్లే గాలి తగిలేలా బిగిస్తే సరి.

థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో పేలుళ్లు

ముందు సైలెన్సర్ జాయింట్లు చూడండి. అక్కడ గాలి పీల్చినా ఇదే శబ్దం. తర్వాత సెకండరీ ఎయిర్ పైపు: పొగలో మిగిలిన పెట్రోల్‌ని కాల్చడానికి ఈ పైపు చాలా బండ్లలో ఎయిర్‌బాక్స్ నుంచే గాలి తీసుకుంటుంది. ఫిల్టర్ మార్చేటప్పుడు ఊడిపోవడం మామూలే. రెండూ బాగుంటే పైలట్ దగ్గర లీన్, పైన చెప్పినట్టు సరిచేయండి.

ఐడిల్ పెరిగి కిందికి దిగడం లేదు

ఐడిల్ అంటే థ్రాటిల్ వదిలేసి ఉన్నప్పటి ఇంజన్ వేగం. అది దిగకపోవడం సాధారణంగా ఫిల్టర్ పని కాదు. కార్బొరేటర్ లేదా థ్రాటిల్ బాడీకీ ఇంజన్‌కీ మధ్యనున్న రబ్బరు పైపు దగ్గర లీక్ ఉండొచ్చు. బండి ఐడిల్‌లో ఉంచి ఆ రబ్బరు చుట్టూ స్ప్రే సీసాతో నీళ్లు చిలకరించండి. ఏ చోట ఇంజన్ శబ్దం మారితే లీక్ అక్కడే. కొందరు మండే క్లీనర్ కొడతారు, వేడి ఇంజన్ మీద అది ప్రమాదం. పగిలిన రబ్బరుకు అతుకు వేయకుండా కొత్తది మార్చండి.

ఫిల్టర్ దాటాక కూడా దుమ్ము కనిపిస్తోంది

బండిలో పైకి ఏ లక్షణమూ ఉండదు, అసలు ప్రమాదం మాత్రం ఇదే. కొత్త ఫిల్టర్ వేసి కొన్ని రోజులు తిరిగాక దాన్ని తీసి, ఇంజన్ వైపు గొట్టం లోపలి గోడను తెల్ల గుడ్డతో తుడవండి. పలుచటి నూనె పొర అంటితే ఫర్వాలేదు. బూడిద రంగో మట్టి రంగో చార పడితే, దాన్ని బొటనవేలు చూపుడువేలు మధ్య నలపండి. గరగరలాడితే దుమ్ము లోపలికి పోతోంది. అది సిలిండర్ గోడకీ రింగులకీ మధ్య చేరి రెండింటినీ అరగదీస్తుంది. కంప్రెషన్ తగ్గి, సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చేసరికి ఎంత మంచి ఫిల్టర్ వేసినా జరిగిన అరుగుదల వెనక్కి రాదు.

ఎక్కువసార్లు తప్పు ఫిల్టర్ బట్టది కాదు, అంచుది. ఫిల్టర్ కూర్చునే గాడిలో పాత మట్టి మిగిలి ఉండొచ్చు, మూత స్క్రూల్లో ఒకటి బిగియకపోవచ్చు, పాడ్ మూతి కార్బొరేటర్ కన్నా వెడల్పై క్లాంపుతో బలవంతంగా నొక్కి ఉండొచ్చు. గాడి శుభ్రంగా తుడిచి, అంచుకు పలుచగా గ్రీజు రాయండి. ఫిల్టర్‌ని నాలుగు మూలలా వేలితో నొక్కి, మూత స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. తర్వాత మూత మళ్లీ తెరిచి గ్రీజు మీద అచ్చు చూడండి. అచ్చు చుట్టూ తెగకుండా ఉంటే సీల్ బాగున్నట్టు. ఎక్కడైనా తెగితే దుమ్ము దారి అదే.

నల్ల పొగ, మైలేజీ పడిపోవడం, ఫిల్టర్ తడిగా ఉండటం

కార్బొరేటర్ బండిలో ఫిల్టర్‌కి నూనె ఎక్కువ పట్టించినా, మట్టితో మూసుకుపోయినా గాలి తగ్గి రిచ్ అవుతుంది. కాటన్ ఫిల్టర్‌ని దాని క్లీనర్‌తో నానబెట్టి, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు నీళ్లు వదలండి. గాలి పంపు పెట్టొద్దు, బట్ట పోగులు విడిపోతాయి. నీడలో పూర్తిగా ఆరాక ఒక్కో మడత మీద ఒక్క సన్నటి గీతగా నూనె వేసి, 20 నిమిషాలు ఇంకనివ్వండి. తెల్లగా మిగిలిన చోటే మళ్లీ వేయండి. ఫోమ్ ఫిల్టర్‌ని పెట్రోల్‌తో కడగొద్దు. జిగురు ఊడుతుంది, నిప్పు భయం వేరే. కడిగాక మెలి తిప్పకుండా అరచేతుల మధ్య నొక్కాలి. నూనె పట్టించాక కూడా రంగు అంతటా ఒకేలా వచ్చేదాకా అలాగే నొక్కాలి. పేపర్ ఫిల్టర్‌ని కడగడమే ఉండదు, మార్చేయడమే.

ఫిల్టర్ మీద ఇంజన్ ఆయిల్ కనిపిస్తే మాత్రం బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి వచ్చే పైపు) చూడండి. ఆయిల్ గేజ్ గీత దాటి పోసి ఉండొచ్చు. పాడ్ వేసిన బండిలో బ్రీదర్‌ని ఊరికే వేలాడదీయకుండా క్యాచ్ ట్యాంక్‌కి (ఆ ఆయిల్‌ని పట్టే చిన్న డబ్బా) కలపాలి. వానలో ఆగిపోయే బండికి కూడా కారణం ఎక్కువగా బయటికి తెరిచి ఉన్న పాడే. నీళ్లు తాగిన ఫిల్టర్‌లో గాలి ఆడదు. పైన నీళ్లు ఆపే గుడ్డ తొడుగు కొంత సాయపడుతుంది.

ఏ తేడా తెలియడం లేదు

ఇది లోపం కాదు. అసలు పేపర్ ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడు చాలా బండ్లలో గాలికి పెద్ద అడ్డేమీ కాదు. మిగతా దారి మారకపోతే పవర్ పెరిగేది అతి కొద్దిగానే. పాతది మూసుకుపోయి ఉంటేనే కొత్తది వేయగానే బండి తేలికైనట్టు అనిపిస్తుంది. కాబట్టి ఇంకా కొననివాళ్లు గాలి ఎంత ఎక్కువ వస్తుందన్నది ఒక్కటే చూడొద్దు. దుమ్ము ఎంత ఆపుతుందో కూడా చూడండి. ఎయిర్ ఫిల్టర్ల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5011 పరీక్షలో గాలికి అడ్డు, దుమ్ము ఆపే శాతం, మూసుకుపోయేలోపు మోయగల దుమ్ము, ఈ మూడూ కొలుస్తారు. మూడు అంకెలూ ఇచ్చే కంపెనీని ముందు చూడండి. మట్టి దారుల్లో తిరిగే బండికి నూనె పట్టించిన ఫోమ్ మంచిది. రోజూ రోడ్డు మీద తిరిగి, కడిగి వాడుకుందామంటే కాటన్. కడగడం, నూనె పట్టించడం మీ వల్ల కాదనుకుంటే అసలు పేపర్‌నే సర్వీస్ బుక్‌లో చెప్పిన కిలోమీటర్లకు, దుమ్ము ఎక్కువైన చోట ఇంకా ముందే మారుస్తూ ఉండండి.