యూకేలో ఈ-బైక్: పాత సైకిల్‌కు కిట్ బిగించాలా, రెడీమేడ్ కొనాలా?

యూకేకి కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామంది ముందుగా కంగారుపడేది బస్సు ఖర్చు గురించే. షెఫీల్డ్, బ్రిస్టల్ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లలో మామూలు సైకిల్ తొక్కడం కష్టమే. సెకండ్ హ్యాండ్ సైకిల్ కొని, దాన్ని ఈ-బైక్‌గా మార్చే మోటార్ కిట్ బిగించుకుంటే చవకలో అయిపోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఇక్కడి చట్టం, బ్యాటరీ సంగతి తెలుసుకోకుండా డబ్బు కట్టొద్దు.

యూకే చట్టం ప్రకారం ఈ-బైక్ మోటార్ రేటింగ్ 250 వాట్లు దాటకూడదు. వేగం గంటకు 15.5 మైళ్లకు, అంటే 25 కి.మీ.కు చేరగానే మోటార్ సాయం ఆగిపోవాలి. పెడల్స్ ఉండాలి, నడిపేవారికి 14 ఏళ్లు నిండాలి. ఇలా ఉంటే లైసెన్సు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. పరిమితులు దాటితే అది మోటార్ వాహనమే. పోలీసులు ఆపితే బండి పోతుంది, ఇన్సూరెన్సు లేనందుకు 300 పౌండ్ల ఫైను, డ్రైవింగ్ లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు పడొచ్చు. 1000 వాట్ల కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా అని రోడ్డు మీదికి తేవద్దు.

ఎవరో కిట్ బిగించి అమ్ముతున్న సైకిల్ చూడ్డానికి వెళ్తే, మోటార్ ఉన్న చక్రాన్ని పైకెత్తి, పెడల్ కదపకుండా థ్రాటిల్ (హ్యాండిల్ మీది యాక్సిలరేటర్) తిప్పండి. చక్రం గిర్రున వేగం అందుకుంటే ఆ బేరం వదిలేయండి. తొక్కకుండా గంటకు 6 కి.మీ. వేగం దాటించే థ్రాటిల్‌కు విడిగా అప్రూవల్ కావాలి, ఇంట్లో బిగించిన వాటికి అది ఉండడం అరుదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది బ్యాటరీ. చవక సెల్స్, దానికి సరిపడని ఛార్జర్ కలిస్తే మంటలు నిమిషాల్లో గదంతా కమ్మేస్తాయి. షేర్డ్ ఇళ్లలో చోటు లేక చాలామంది మెట్ల దగ్గరో, గుమ్మం దగ్గరో ఛార్జింగ్ పెడతారు. నిప్పు అంటుకుంటే పైనున్నవాళ్లు బయటపడే దారి అదే. దయచేసి అక్కడ పెట్టకండి, రాత్రి పెట్టి పడుకోకండి. హాస్టల్, ఇంటి అగ్రిమెంటులో ఈ-బైక్ గురించి ఏం రాశారో కూడా చదవండి. లండన్‌లో 2025 మార్చి 31 నుంచి ట్యూబ్ (అండర్‌గ్రౌండ్ రైలు)లోకి మడతపెట్టలేని ఈ-బైకులను రానివ్వడం లేదు. కిట్ బిగించినా, కంపెనీదైనా అదే రూలు.

ఇండియా నుంచి కిట్ తెచ్చుకుందామనే ఆలోచన మానుకోండి. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే 360 వాట్-అవర్లు. ప్రయాణికుల విమానంలో 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ఎక్కించనివ్వరు.

బిగించడంలోనూ ఒక మెలిక ఉంది. చక్రం మధ్యలో ఉండే హబ్ మోటార్ తిరిగేటప్పుడు దాని ఇరుసు ఎదురు దిశలో తిరగాలని చూస్తుంది. ఫోర్కులో ఇరుసు కూర్చునే గాడి అరిగితే వైరు మెలితిరిగి తెగుతుంది, చక్రం ఊడి రావచ్చు. అందుకే టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ వేయాలి. బ్రేకులు కూడా మోటార్, బ్యాటరీలతో పెరిగిన బరువును ఆపగలగాలి.

నా మట్టుకు, మొదటి ఏడాదిలో షాపులో రెడీమేడ్ కొనడమే మేలు. వారంటీ ఉంటుంది, మోటార్, బ్యాటరీ, ఛార్జర్ ఒకదానికొకటి సరిపడేవే వస్తాయి. కొనేముందు విడిగా బ్యాటరీ దొరుకుతుందా, ఎంత అవుతుందో అడగండి. మంచి స్టీల్ ఫ్రేము సైకిల్ ఇప్పటికే ఉండి, పేరున్న కంపెనీ 250 వాట్ల కిట్‌ను బ్యాటరీతో సహా కొని, సైకిల్ షాపులో బిగించుకోగలిగితే పాత సైకిల్‌ను మార్చుకోవడం తప్పేం కాదు. తాళానికి మాత్రం లోటు చేయకండి, తాళాలను పరీక్షించి ఇచ్చే సోల్డ్ సెక్యూర్ రేటింగ్‌లో గోల్డ్‌కు తగ్గొద్దు.

ఈ-బైక్‌తో డెలివరీ చేద్దామనుకునే విద్యార్థులకు ఒక మాట: డెలివరీ యాప్‌లలో పని సాధారణంగా స్వయం ఉపాధి కిందికే వస్తుంది, స్టూడెంట్ వీసా మీద అది కుదరదు, వేరొకరి యాప్ అకౌంట్ అద్దెకు తీసుకోవడం ఇంకా ప్రమాదం. ఉద్యోగంలో ఉన్నవాళ్లయితే కొనేముందు కంపెనీ ద్వారా సైకిల్ తీసుకునే సైకిల్ టు వర్క్ స్కీమ్ ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి, ఈ-బైక్ ధరను జీతంలోంచి ట్యాక్స్ పడకముందే నెలనెలా కట్టుకోవచ్చు.