కొత్త ల్యాప్‌టాప్‌లో ఉబుంటు: తెలుగు డీటీపీ పనివాళ్లకు వచ్చే చిక్కులు, విరుగుళ్లు

పాలకొల్లులో నాకు డీటీపీ షాపుంది. శుభలేఖలు, కరపత్రాలు వేస్తాం. ఇద్దరు రొయ్యల మేత డీలర్ల లెక్కలూ చూస్తాం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోవడంతో కొత్త ల్యాప్‌టాప్ కొని, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటుకు మారాను.

సమస్య: పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కదు

కారణం: దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది.

పరిష్కారం: టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (మిషన్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లో) ఆఫ్‌లో ఉండొచ్చు, ముందు అది చూడండి. ప్రాసెసరే పాతదైతే ఎస్ఎస్‌డీ (వేగమైన డిస్క్) వేయించి ఉబుంటు ఎక్కించండి. మెయిల్‌కీ బ్రౌజర్‌కీ అది చాలు, కొత్తది కొననక్కర్లేదు.

సమస్య: కొత్త దాంట్లో ఉబుంటు వేశాక వైఫై రాదు

కారణం: ఆ వైఫై చిప్‌కి డ్రైవర్ ఉబుంటుతో పాటు రాకపోవడం.

పరిష్కారం: ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్‌తో నెట్ ఇచ్చి, 'అడిషనల్ డ్రైవర్స్'లో వెతకండి. అసలు కొనే ముందే ఉబుంటు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి, షాపులోనే ఇన్‌స్టాల్ చేయకుండా నడిపి చూడండి. వైఫై, సౌండు, మూత మూసి తెరిస్తే లేవడం, ఈ మూడూ చూశాకే డబ్బు కట్టండి. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందో లేదో కూడా అడగండి.

సమస్య: పాత తెలుగు ఫైళ్లన్నీ పిచ్చి గీతలు

నన్ను నిజంగా ఏడిపించింది ఇదే. పాత శుభలేఖ తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములున్న గుర్తులు. పక్కన కూర్చున్న పెళ్లికొడుకు తండ్రి "ఇదేంటండీ, మావాడి పేరేదండీ?" అని కంగారుపడ్డారు.

కారణం: డీటీపీలో వాడే అను ఫాంట్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే తెలుగు, కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, వత్తుల బొమ్మలు పెట్టారంతే. ఆ ఫాంటు లేకపోతే లోపలున్నదే కనపడుతుంది.

పరిష్కారం: పాత మిషన్ బతికుండగానే పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లన్నీ ఫాంట్లతో సహా పీడీఎఫ్‌లు తీసుకోండి. మళ్లీ దిద్దాల్సిన మేటర్‌ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు ఒక్కొక్కటీ సరిచూడండి. పేర్లలో వత్తు జారితే కార్డు మొత్తం వృథా. టైపింగ్‌కి ఐబస్ ఎం17ఎన్ (ibus-m17n) అనే ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. అనులో ఆపిల్ కీబోర్డుకి అలవాటుపడ్డ చేతులు మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు.

సమస్య: ట్యాలీ నడవదు

అది విండోస్ కోసం చేసిన లెక్కల సాఫ్ట్‌వేర్. లెక్కల పనున్నవాళ్లు విండోస్ తీసెయ్యకండి, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. డిస్క్ విడగొట్టే ముందు బ్యాకప్ తీసి, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

ఇలా రెండూ ఉంటే ఉబుంటు నుంచి విండోస్‌కి వెళ్లినప్పుడు మధ్యాహ్నం 3 గంటలకు గడియారం ఉదయం 9:30 చూపిస్తుంది. మిషన్‌లోని గడియారాన్ని ఉబుంటు యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో) ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ఉబుంటులో హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయానికి మారిస్తే సరిపోతుంది. బిల్లు కొట్టే ముందు ఒకసారి టైమ్ చూసుకోండి.