చిన్న కళాశాలలో ఒక బాధ్యతను ఎంచుకోవడం, నిలబెట్టుకోవడం ఎలా?

పెద్ద విశ్వవిద్యాలయంలో ప్రతి పనికీ అవసరానికి మించిన మనుషులు ఉంటారు. చిన్న కళాశాలలో పనులే ఎక్కువ, చేసేవారు తక్కువ. నాటక బృందమైనా, విద్యార్థి సంఘమైనా, గోడపత్రికైనా, వార్షికోత్సవమైనా ఆ ఉన్న కొద్దిమందే నడుపుకోవాలి. రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కన్సాస్ రాష్ట్రపు ఉన్నత పాఠశాలలను పరిశీలించి 1964లో ఫలితాలను ప్రచురించారు. పెద్ద పాఠశాలల్లో కార్యక్రమాల సంఖ్య ఎక్కువే అయినా, చిన్న పాఠశాలల విద్యార్థులే ఎక్కువగా ముందు నిలబడి బాధ్యత తీసుకుంటున్నారని, తాము రాకపోతే పని ఆగిపోతుందన్న భావన కూడా వారిలోనే బలంగా ఉందని వారు గమనించారు. కళాశాలలోనూ ఇదే పరిస్థితి కనిపిస్తుంది. అనుభవం లేనివారికి సైతం అవకాశం దొరుకుతుంది. అదే సమయంలో, అడిగిన ప్రతివారికీ సరేనని చెప్పి చివరికి ఏదీ పూర్తి చేయలేని స్థితి కూడా ఎదురవుతుంది.

అందుకే చేరిన మొదటి నెలలో ఏ బృందంలోనూ పేరు నమోదు చేయించుకోవద్దని నా సలహా. ఆ నెలంతా చూడండి, వినండి. అన్ని బృందాల సమావేశాలకూ ఒక్కొక్కసారి వెళ్లి వెనుక కూర్చోండి. కార్యక్రమం ముగిసిన తరువాత కుర్చీలు ఎవరు సర్దుతున్నారో, తాళం ఎవరు వేస్తున్నారో గమనిస్తే ఆ బృందాన్ని నిజంగా నడుపుతున్నది ఎవరో తెలుస్తుంది. వేదిక మీద మాట్లాడినవారు వారే కానవసరం లేదు. సీనియర్లను కలిసి, గత సంవత్సరపు చివరి సమావేశానికి ఎంతమంది వచ్చారని, లెక్కలు ఎవరి దగ్గర ఉన్నాయని, మధ్యలో ఆగిపోయిన పని ఏమైనా ఉందా అని అడగండి. నోటీసు బోర్డు మీద పేరు ఉన్నా పనిలో లేని సంఘాలు చిన్న కళాశాలల్లో తక్కువేమీ కావు. అలాంటిదాన్ని తిరిగి లేపాలన్న ఉత్సాహం మంచిదే కానీ, మొదటి సంవత్సరంలో ఆ సాహసం చేయకపోవడమే మేలు.

ఆ తరువాత ఒకే ఒక బాధ్యతను ఎంచుకోండి. అది వారం వారం తిరిగివచ్చేదిగా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా తెలిసేదిగా, రెండు మూడు గంటలకు మించనిదిగా ఉండాలి. వారంలో ఒక సాయంత్రం చదువుగదిని తెరిచి ఉంచడం, ఆట సామగ్రి రిజిస్టరు చూసుకోవడం, నోటీసు బోర్డు మీద గడువు దాటిన కాగితాలను తీసివేయడం వంటివి పైకి చిన్నగా కనిపించినా, వీటిలో మీ రాక కోసం ఎదురుచూసేవారు ఉంటారు. నన్ను అడిగితే, కొత్తవారికి అన్నిటికంటే మంచి పని సమావేశాల మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని లిఖిత నమోదు, రాయడం. ఎవరూ అంతగా ఇష్టపడని పని కనుక వెంటనే దొరుకుతుంది. రాసేవారు శ్రద్ధగా వినక తప్పదు కనుక ఒక్క సెమిస్టర్‌లోనే బృందం పనితీరు మొత్తం అర్థమవుతుంది. మినిట్స్‌లో చర్చ అంతా ఎక్కించనవసరం లేదు. తేదీ, హాజరైనవారి పేర్లు, తీసుకున్న నిర్ణయాలు, ఒక్కొక్క పనిని ఎవరు ఏ తేదీలోగా చేయాలి అన్న వివరాలు ఉంటే చాలు. మరుసటి రోజుకల్లా వాటిని అందరికీ పంపించండి. వారం గడిచాక పంపితే, ఎవరికి గుర్తున్నది వారు చెబుతారు, వివాదం మొదలవుతుంది.

స్నేహాల విషయంలో తొందరపడకూడదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థుల నివాసాలపై మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు 1950లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకే అంతస్తులో పక్కపక్క ఇళ్లవారిలో 41 శాతం మంది ఒకరినొకరు దగ్గరి స్నేహితులుగా పేర్కొనగా, ఆ అంతస్తులో ఆ చివర, ఈ చివర ఉన్నవారిలో అది 10 శాతమే. అంటే స్నేహంలో అభిరుచుల కలయికతో పాటు తరచుగా ఎదురుపడటానికీ పెద్ద పాత్రే ఉంది. కనుక రోజూ ఒకే వేళకు, గ్రంథాలయంలో ఒకే బల్ల దగ్గర చదువుకోండి. హాస్టల్‌లో ఉంటే గది తలుపు కాసేపైనా తెరిచి ఉంచండి. పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి దాదాపు 50 గంటలు, సన్నిహితులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి ఉంటుందని జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో అంచనా వేశారు. వారానికి రెండు గంటల చొప్పున చూస్తే మొదటి మెట్టుకే 25 వారాలు పడుతుంది. మొదటి నెలలోనే ఇక్కడ నాకు సరిపడే మనుషులు లేరని తేల్చుకోవడం తొందరపాటే.

చిన్న ప్రాంగణంలో ఒకరికొకరు కనిపించకుండా తిరగడం సాధ్యం కాదు. నిన్న సంఘ సమావేశంలో మీతో వాదించినవారే ఈ రోజు ప్రయోగశాలలో మీ పక్కన నిలబడతారు. అందువల్ల భేదాభిప్రాయం వస్తే ఆ మనిషితోనే, ఎదురుగా, ఆ పని గురించి మాత్రమే మాట్లాడండి. వాట్సాప్ గ్రూపులో మొదలైన తగాదా సాయంత్రానికి అధ్యాపకుల గది దాకా వెళుతుంది. మరొక మాట: అటెండర్లను, గ్రంథాలయ సిబ్బందిని, కాపలాదారులను పేరు తెలుసుకుని, మర్యాదగా పలకరించండి. విద్యార్థులు కొన్నేళ్లలో వెళ్లిపోతారు, వారు ఉండిపోతారు; ఏ గదికి ఎవరి అనుమతి కావాలో, ఏ మైకు పనిచేయదో వారికే బాగా తెలుసు. తీసుకున్న గదిని ఊడ్చి, తాళం చెప్పిన వేళకు తిరిగి ఇచ్చే బృందానికి మరోసారి అనుమతి అడిగేటప్పుడు ఇబ్బంది ఉండదు.

సహాయం అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. జాన్ డార్లీ, బిబ్ లాటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ప్రచురించిన ప్రయోగంలో, పక్క గదిలో ఒక వ్యక్తి మూర్ఛతో బాధపడుతున్నట్లు అందులో పాల్గొన్నవారికి వినిపించారు. ఆ మాటలు తాము తప్ప ఎవరూ వినడం లేదని అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ వ్యక్తి గొంతు ఆగిపోయేలోపే సహాయానికి కదిలారు. మరో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవారిలో 31 శాతం మందే కదిలారు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భంలోనే అలా ఉంటే, ‘రేపు ఎవరైనా వచ్చి సాయం చేయండి’ అని గ్రూపులో పెట్టిన సందేశానికి జవాబు రాకపోవడంలో వింత లేదు. ఒక మనిషిని ఎంచుకుని, పేరు పెట్టి పిలిచి, ఏ పనికి ఏ వేళ ఎంతసేపు కావాలో చెప్పి అడగండి. కాదనే అవకాశం కూడా వారికి ఇవ్వండి.

కళాశాల గేటు దాటి చుట్టుపక్కల ప్రజలతో చేసే పని వేరు. ఇక్కడ జరిగే పొరపాట్లకు మూల్యం చెల్లించేది విద్యార్థులు కాదు. అన్నిటికంటే ముందు, మనకు చేయాలనిపించినదాన్ని నిర్ణయించుకుని వెళ్లకుండా, అక్కడివారిని అడగాలి. వారికి కావలసింది ఉపన్యాసం కాక, దరఖాస్తులు నింపిపెట్టే మనిషి కావచ్చు. ఆ ప్రాంతంలో అప్పటికే పనిచేస్తున్న సంస్థ ఏదైనా ఉంటే, కొత్త బోర్డు పెట్టేకంటే దానికి చేయి కలపడం మంచిది. తరువాత కళాశాల క్యాలెండరును ముందు పెట్టుకోండి. పరీక్షల వారాలు, సెలవులు తీసివేస్తే నిజంగా మిగిలే వారాలు ఎన్నో లెక్కించి, అన్ని వారాలకు మాత్రమే మాట ఇవ్వండి. పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే పని అయితే ఈ లెక్క మరీ ముఖ్యం: ఉత్సాహంగా మొదలుపెట్టి, పరీక్షలు రాగానే చెప్పకుండా మానేస్తే ఆ పిల్లలు మరొకసారి వచ్చినవారిని నమ్మరు. ప్రతి రోజుకూ ఇద్దరి పేర్లు వేసుకుంటే ఒకరు రాలేకపోయినా తరగతి ఆగదు. పిల్లలతో పెద్దవారు ఎవరూ ఒంటరిగా ఉండకూడదన్న నియమం కూడా దానితోనే నెరవేరుతుంది. పిల్లల బడి ఉపాధ్యాయులతో మాట్లాడి, వారు ఏ పాఠం దగ్గర ఉన్నారో తెలుసుకోండి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫోటోలు తీయవద్దు. అనుమతి ఉన్నా, ఫోటోల కోసమే ఏర్పాటు చేసిన కార్యక్రమాలను ప్రజలు ఇట్టే గుర్తుపడతారు.

రెండవ సంవత్సరానికి మీ మీద భారం తప్పక పెరుగుతుంది, ఎందుకంటే పని చేసేవారికే పని చెబుతారు. కుదరకపోతే మొదటి రోజే కుదరదని చెప్పడం సంస్కారమే. చివరి వారంలో చేతులెత్తేయడం మాత్రం కాదు.

చివరి సంవత్సరం మొదలైన వెంటనే అప్పగింత గురించి ఆలోచించండి. చిన్న కళాశాలలో ఒక్క బ్యాచ్ వెళ్లిపోవడంతోనే ఒక బృందం మూతపడటం మామూలే. జూనియర్లలో ఒకరిని కనీసం ఆరు నెలల ముందు ఎంచుకుని, ఒకసారి కలిసి చేయండి. తరువాతిసారి వారు చేస్తుండగా పక్కన ఉండండి. ఆపైన పిలిస్తే తప్ప వెళ్లకండి. ఒక పుస్తకంలో అనుమతులు ఎవరిని అడగాలి, దేనికి ఎంత ఖర్చయింది, ఏది చేసి చూస్తే ఫలించలేదు అన్నవి రాసి ఇవ్వండి. బృందం పేరుతో ఉన్న ఈమెయిల్, సామాజిక మాధ్యమ ఖాతాలు మీ సొంత ఫోను నంబరుతో ముడిపడి ఉంటే మార్పించండి. మిగిలిన సొమ్మును రసీదులతో సరిచూసి, ఇచ్చేవారు, తీసుకునేవారు ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఒక ప్రతిని బాధ్యత చూసే అధ్యాపకుని వద్ద, మరొక ప్రతిని ఆ పుస్తకంలోనే ఉంచి, తాళంచెవులతో పాటు అప్పగించండి.