రూగర్ 10/22లో షెల్ ఇరుక్కుంటోందా? బోల్ట్ కొనే ముందు ఇవి చూడండి

డాలస్ చుట్టుపక్కల వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లే మనవాళ్లలో చాలామంది మొదట కొనే రైఫిల్ రూగర్ 10/22. 1964 నుంచి ఉన్న .22 కాలిబర్ మోడల్, తూటా చవక, భుజానికి దెబ్బ తగలదు. ఎవరు ఫోన్ చేసినా చెప్పే సమస్య మాత్రం దాదాపు ఒకటే. పేలిన షెల్ (తూటా ఖాళీ గొట్టం) ఛాంబర్‌లోనే, అంటే తూటా కూర్చునే బ్యారెల్ వెనక భాగంలోనే, ఉండిపోతుంది, లేదా సగం వచ్చి, షెల్ బయటపడే ఎజెక్షన్ పోర్ట్‌లో నిలువుగా ఇరుక్కుంటుంది. ఆ వెంటనే, "అన్నా, బోల్ట్ పోయింది, ఏది కొనమంటావ్?" అని అడుగుతారు. బోల్ట్ అంటే ఛాంబర్‌ని వెనక నుంచి మూసే, ముందుకీ వెనక్కీ కదిలే ఉక్కు ముక్క. నేను చూసిన రైఫిళ్లలో నిజంగా బోల్ట్ మార్చాల్సినవి చాలా తక్కువ. ముందు ఒక్క నిమిషం ఆగి, చూడాల్సినవి చూడమని అందరినీ బతిమాలుతూ ఉంటాను.

రైఫిల్ విప్పడం, బిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసేయండి. బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, వేలితో కూడా తడమండి. ట్రిగ్గర్ నొక్కినా రౌండ్ (తూటా) పేలకపోతే మాత్రం, బోల్ట్ లాగే ముందే బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆ తర్వాత కూడా దాని అంచును స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు. .22లో పేలే మందు ఉండేది ఆ అంచులోనే.

తప్పు ఎటువైపు ఉందో తేల్చే టెస్ట్

ఇది రేంజ్‌లోనే, బ్యారెల్ టార్గెట్ వైపు ఉంచి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి చేయాలి. ఒక రౌండ్ ఛాంబర్‌లోకి ఎక్కించి, కాల్చకుండా బోల్ట్ హ్యాండిల్‌ని చేత్తో లాగండి. పేలని రౌండ్ బయటికి రాకపోతే ఎక్స్‌ట్రాక్టర్‌ని (బోల్ట్ మీద ఉండి, తూటా అంచుని పట్టి లాగే కొక్కెం) అనుమానించండి. అది హాయిగా వచ్చేస్తూ, పేలిన షెల్ మాత్రమే ఇరుక్కుంటుంటే తప్పు చాలావరకు ఛాంబర్ వైపే ఉంటుంది.

ఎందుకంటే ఈ రైఫిల్‌లో తూటా పేలేటప్పుడు బోల్ట్‌ని బిగించి పట్టే లాక్ ఉండదు. తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడికి షెల్లే వెనక్కి వచ్చి బోల్ట్‌ని నెడుతుంది. అక్కడ ఎక్స్‌ట్రాక్టర్ చేసే ముఖ్యమైన పని షెల్‌ని బోల్ట్ ముఖానికి అంటిపెట్టి ఎజెక్టర్ (షెల్‌ని పక్కకి ఎగరగొట్టే భాగం) దాకా తీసుకురావడం. పేలని రౌండ్‌ని బయటికి లాగేటప్పుడు మాత్రం భారమంతా ఎక్స్‌ట్రాక్టర్ మీదే పడుతుంది. అయితే మ్యాచ్ ఛాంబర్ (పోటీల కోసం బిగుతుగా చేసినది) ఉన్న బ్యారెల్ వేసుంటే ఈ టెస్ట్‌ని అంతగా నమ్మొద్దు. అందులో బుల్లెట్ ముందు భాగం రైఫ్లింగ్‌ని (బ్యారెల్ లోపలి మెలి గాడులని) పట్టుకుంటుంది కాబట్టి మంచి ఎక్స్‌ట్రాక్టర్ కూడా కష్టపడి లాగాల్సి వస్తుంది.

ఛాంబర్ మురికి

అందరూ వదిలేసే చెక్ ఇదే. .22 తూటాకి పైన మైనమో, నూనో పూసి ఉంటుంది. దానికి మసి తోడైతే ఛాంబర్ లోపల గట్టి పొర కడుతుంది. "నిన్ననే క్లీన్ చేశా" అంటారు. చూస్తే బ్యారెల్ చివరి నుంచి ఒక గుడ్డముక్క లాగి ఉంటారు. బోల్ట్ తీసేసి, ఛాంబర్‌లో సాల్వెంట్ వేసి పది నిమిషాలు నానబెట్టండి. తర్వాత కంచు బ్రష్ పెట్టి చేత్తో గుండ్రంగా తిప్పండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ కాల్చి చూడండి. చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

తూటా కూడా మార్చి చూడండి. వేగం తక్కువ ఉండే సబ్‌సోనిక్, స్టాండర్డ్ వెలాసిటీ రౌండ్లకి బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లకపోవచ్చు. సెకనుకు సుమారు 1,235 అడుగుల వేగం ఉన్న 40 గ్రెయిన్ (బుల్లెట్ బరువు) రౌండ్లతో బాగా నడిచి, నెమ్మది రౌండ్లతోనే ఇరుక్కుంటుంటే రైఫిల్‌ని విప్పక్కర్లేదు.

ఛాంబర్ అంచు మీద బుడిపె

నన్ను మూడు వారాలు తిప్పలు పెట్టింది ఇదే. మా ఫ్రెండ్ ఒకరు సెకండ్ హ్యాండ్‌లో 10/22 కొన్నాడు. ప్రతి మ్యాగజైన్‌కీ రెండు మూడు షెల్స్ లోపలే ఉండిపోయేవి. ఛాంబర్ రెండుసార్లు శుభ్రం చేశాం. ఎక్స్‌ట్రాక్టర్, స్ప్రింగ్ మార్చాం. చివరికి నేనే చెప్పి కొత్త బోల్ట్ కొనిపించాను. ఏమీ మారలేదు. అంత నమ్మకంగా సలహా ఇచ్చినందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఇరుక్కున్న షెల్స్ నాలుగు తీసి, కిటికీ దగ్గర వెలుతురులో వేళ్ల మధ్య తిప్పి చూశాను. నాలుగింటి మీదా ఒకే గీత. తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ నొక్కు పడిన వైపే, ఆ నొక్కుకి సూటిగా, అంచు కింద మొదలై షెల్ పొడవునా సన్నగా మెరుస్తోంది. షెల్ బయటికి వచ్చేటప్పుడు దాన్ని ఏదో గీరుతోందన్నమాట. టార్చ్ వేసి ఛాంబర్ నోటిని చూస్తే, పిన్ తగిలే చోట బ్యారెల్ అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంది. నొక్కుకుపోయిన ఉక్కు పక్కకి జరిగి ఛాంబర్ లోపలికి చిన్న బుడిపెలా పొంగింది. కంటికి సరిగా ఆనదు. టూత్‌పిక్ కొనతో అంచు చుట్టూ నిమిరితే ఆ ఒక్కచోట టక్కున ఆగింది.

మామూలుగా 10/22లో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కినా పిన్ బ్యారెల్‌ని తాకదు. బోల్ట్‌లో ఉండే చిన్న అడ్డ పిన్ దాన్ని ఆపుతుంది. ఆ అడ్డ పిన్ అరిగినా, ఎవరైనా పొడవైన ఫైరింగ్ పిన్ వేసినా, ఖాళీగా నొక్కిన ప్రతిసారీ పిన్ వెళ్లి బ్యారెల్ అంచుని కొడుతుంది. మా ఫ్రెండ్ రైఫిల్‌లో పాత ఓనర్ వేసిన పిన్ పొడవైనది. బోల్ట్ మార్చాక కొత్తగా కొట్టడం ఆగింది గానీ, అప్పటికే పొంగిన బుడిపె బ్యారెల్‌లో అలాగే ఉండిపోయింది.

దీనికి ఛాంబర్ ఐరన్ అనే పనిముట్టు దొరుకుతుంది. .22 ఛాంబర్‌కి సరిపోయే, గట్టి ఉక్కుతో చేసిన సన్నటి కడ్డీ. చుక్క నూనె వేసి లోపలికి దూర్చి, దాని గుండ్రటి వైపుని బుడిపె మీద ఆనించి, నెమ్మదిగా ఒత్తుతూ అటూ ఇటూ తిప్పాలి. అది లోహాన్ని కోయదు, పొంగినదాన్ని మళ్లీ వెనక్కి నెడుతుంది. దయచేసి ఆకురాయి, డ్రిల్ బిట్, గరుకు కాగితం దగ్గరికి కూడా తేవద్దు. ఛాంబర్ గోడ ఒక్కచోట అరిగినా పేలిన షెల్ అక్కడ ఉబ్బుతుంది, అప్పుడు బ్యారెల్లే మార్చాలి. నాకు పది నిమిషాలు పట్టింది. టూత్‌పిక్ ఆగకుండా జారేదాకా చేశాను.

అది అయ్యాక పిన్ పొడవు కూడా చూడండి. బోల్ట్ బయటికి తీసి, ఫైరింగ్ పిన్‌ని వెనక నుంచి పూర్తిగా ముందుకి నొక్కి పట్టుకుని, బోల్ట్ ముఖం మీద స్టీల్ స్కేల్ అంచు నిలువుగా ఆనించండి. పిన్ కొన స్కేల్‌ని తాకకూడదు. తాకిందంటే ఆ పిన్ వాడొద్దు. కొత్త బోల్ట్ కొన్నా బిగించే ముందు ఈ చెక్ తప్పనిసరి.

నిజంగా ఎక్స్‌ట్రాక్టరే అయితే

పేలని రౌండ్ కూడా రావట్లేదంటే, కొక్కెం కొన గుండ్రంగా అరిగిందేమో, కింద మసి పేరుకుని సరిగా మూసుకోవట్లేదేమో చూడండి. వెనకున్న చిన్న ప్లంజర్‌ని సన్నటి స్క్రూడ్రైవర్‌తో నొక్కితే ఎక్స్‌ట్రాక్టర్ ఊడి వస్తుంది. ఈ పని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి. ప్లంజర్, స్ప్రింగ్ ఎగిరి కార్పెట్‌లో పడితే దొరకవు. కొత్త స్ప్రింగ్ కూడా వేసేయండి. బోల్ట్ ముఖం పగిలితేనో, అంచులు విరిగితేనో మొత్తం బోల్ట్ మార్చండి.

మిగతావి అరుదు. కొత్త స్టాక్ వేశాక మొదలైతే బోల్ట్ హ్యాండిల్ చెక్కకి రాసుకుంటోందేమో చూడండి. ఒక్క మ్యాగజైన్‌తోనే వస్తుంటే అది పక్కన పెట్టండి. బ్యారెల్‌ని పట్టి ఉంచే రెండు స్క్రూలు వదులైతే బిగించండి.

మా ఫ్రెండ్ రైఫిల్‌తో ఆ శనివారం పది మ్యాగజైన్లు కాల్చాం, ఒక్కటి ఇరుక్కోలేదు. షెల్స్ ఏరి చూస్తే వాటి మీద ఆ గీత లేదు.